వీపు మారిన నాడు

నేను ఒక సంచిని. చేతికి తగిలించుకునే రకం కాదు, ఒక భుజానికి వేలాడే రకమూ కాదు. రెండు పట్టీలతో మనిషి వీపుకు అతుక్కుని, మనిషి ఎటు చూస్తే దానికి సరిగ్గా వెనక్కి చూస్తూ బతికేదాన్ని. అందుకే నేను చూసిన ఇంగ్లండు మిగతావాళ్ళు చూసిన ఇంగ్లండు కాదు. వాళ్ళు దాటి వచ్చేసిన వీధులు, చూడటం అయిపోయి వదిలేసిన గోపురాలు మాత్రమే నాకు తెలుసు. మనుషులు దేనికైతే వెన్ను చూపిస్తారో అదే నా లోకం.

హైదరాబాదు శివారులో రేకుల కప్పు కింద ఒక కార్ఖానాలో నన్ను కుట్టారు. కుట్టినామె పేరు ఖైరున్నీసా. ముదురు ఆకుపచ్చ గుడ్డ, నల్ల పట్టీలు, ముందు రెండు పెద్ద అరలు. ఇవన్నీ అయ్యాక వీపుకు ఆనుకునే వైపు, బయటికి కనిపించకుండా, అరచేయంత జేబు ఒకటి కుట్టింది. అది దేనికని పక్కామె అడిగితే, నమూనాలో ఉంది కాబట్టి కుడుతున్నానంది. దారం తెంపి నన్ను గుట్ట మీదికి విసిరి ఇంకో సంచి అందుకుంది.

నన్ను కొన్నవాడు నిఖిలేశ్ అనే బ్యాంకు కుర్రాడు. హిమాలయాలు ఎక్కాలని కొన్నాడు. వారం తిరక్కుండానే మక్తల్ శాఖలో ఉద్యోగం వేశారు. హిమాలయాల బదులు నేను టమాటాలు మోశాను, పెరుగు ప్యాకెట్లు మోశాను, ఇస్త్రీ బట్టలు మోశాను. బదిలీ అయి వెళ్ళేటప్పుడు, ఎక్కని కొండల గుర్తు తన వెంట ఎందుకనుకున్నాడో ఏమో, తను అద్దెకున్న ఇంటావిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ ఇంటావిడే రుక్మాబాయి. ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకపోవడానికి ఊళ్ళో తలా ఒక కారణం చెప్పుకునేవారు గానీ, ఆమెను అడిగితే మాత్రం తీరిక దొరకలేదని నవ్వేది. సన్నటి మనిషి, సన్నటి గొంతు. కానీ గోడకు పటం వేలాడదీసి బెత్తంతో ఒక ఊరు చూపించిందంటే పిల్లలు ఆ ఊళ్ళో తిరిగి వచ్చినట్టే ఉండేదట. రోమన్లు ఇంగ్లండుకు అడ్డంగా కట్టిన గోడ, కోట గోడల మధ్య పాత పట్నాలు, రాతి చర్చీలు, ఇవన్నీ ఏటా చెప్పింది. ఏటా చెప్పినవాటిలో ఒక్కటీ చూడలేదు.

నన్ను చేతిలోకి తీసుకున్న రోజు పట్టీలు లాగి చూసింది, భుజాలకు వేసుకుంది, అద్దం ముందు నిలబడింది. అంతే, ఇంగ్లండు పోవాలని నిర్ణయం అయిపోయింది. బస్సులోంచి చూపించి బస్సులోకే ఎక్కించే యాత్రలు వద్దనుకుంది. వీపున సంచి వేసుకుని నడవాలి. తోడుగా ఎవరొస్తారని ఆలోచించాల్సిన పని లేదు. అదే బడిలో ఆటల టీచరుగా చేసిన బాలమణి ఉంది.

బాలమణి గట్టి మనిషి. ఆమెకు చరిత్రంటే పెద్ద పట్టింపు లేదు. రుక్మాబాయి అడిగినప్పుడు, నడిచేదుంటే వస్తానంది. ఉందంటే సరేనంది. పెనిమిటిని ఒప్పించి, బూట్లు కొని, తెల్లారి నుంచే గ్రౌండు చుట్టూ రుక్మాబాయిని తిప్పడం మొదలుపెట్టింది. నన్ను కూడా, లోపల బియ్యం పోసి.

ఆ తిరుగుడులోనే నాకు ఒక సంగతి తెలిసింది. నేను వీపుకు ఆనుకుని ఉంటాను కదా, గుండె చప్పుడు నాకు వినిపిస్తుంది. రుక్మాబాయి గుండె నడుస్తూ నడుస్తూ మధ్యలో తడబడేది. ఒకనాడు ఆమె ఎవరికీ చెప్పకుండా మహబూబ్‌నగర్ వెళ్ళి డాక్టరుకు చూపించుకుంది. గుండెకు పోయే రక్తనాళం సన్నబడి ఉండొచ్చు, పరీక్షలన్నీ చేశాకే ప్రయాణం అన్నాడట ఆయన. మాత్రలిచ్చి, నొప్పి వస్తే నాలుక కింద కొట్టుకోమని చిన్న స్ప్రే సీసా ఇచ్చాడు. ఇంటికొచ్చి తలుపు వేసుకుని, ఆ సీసా ఎక్కడ పెట్టాలా అని నన్ను అటూ ఇటూ తిప్పింది. వీపు వైపు జేబు దొరికింది. అందులో పెట్టి జిప్పు లాగి, "వచ్చినంక చేపిచ్చుకుంట" అంది. గదిలో ఇంకెవరూ లేరు. ఆ మాట నాతోనే అందనుకోవాలి. వద్దనడానికి నాకు నోరు లేదు.

అలా నేను ఇంగ్లండు చేరాను, ఒక రహస్యాన్ని వీపుకూ నాకూ మధ్య ఇరికించుకుని.

సాల్స్‌బరీలో చర్చి శిఖరం ఎంత ఎత్తంటే, రుక్మాబాయి తల ఎత్తినప్పుడు నేను నడుము దాకా జారాను. ఆమె అక్కడే నిలబడి, క్లాసులో చెప్పినట్టే, ఎవరు కట్టారో ఎట్లా నిలబెట్టారో చెప్పుకుపోయింది. బాలమణి బుద్ధిగా విని, అంత పైన పావురాలు గూడెట్లా కట్టుకుంటాయో అడిగింది. అక్కణ్ణించి ఏవ్‌బరీ. అక్కడ పెద్ద పెద్ద రాళ్ళు గుండ్రంగా నిలబెట్టి ఉన్నాయి, ఆ రాళ్ళ మధ్యనే ఊరు, ఊరి మధ్య గొర్రెలు. తాకొద్దనేవాళ్ళు లేరు. రుక్మాబాయి ఒక రాయికి రెండు చేతులూ ఆనించి చాలాసేపు ఉండిపోయింది. మన కృష్ణ ఒడ్డున ముడుమాల్‌లో నిలువురాళ్ళు లేవా, దీనికోసం ఇంత దూరం రావాలా అని బాలమణి ఆశ్చర్యపోయింది. అవి చూసినందుకే ఇవి చూడాలనిపించిందని రుక్మాబాయి చెప్పింది. అక్కడా ఎవరో ఎండను చూసి, నీడను చూసి రాయి నాటారు, ఇక్కడా నాటారు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే. వెళ్ళేముందు బాలమణి కూడా ఒక చేయి రాయి మీద వేసింది. వీపు మీద నుంచి నేను గొర్రెలను చూశాను. అవి మాత్రం ఎవరినీ చూడలేదు.

లింకన్‌లో నాకు భయం పట్టుకుంది. అక్కడ చర్చి కొండ మీద ఉంది. దానికి పోయే వీధి నిట్టనిలువుగా ఉంటుంది. రెండు పక్కలా పాత ఇళ్ళు, పట్టుకోవడానికి గోడకు ఇనుప కడ్డీ. సగం ఎక్కేసరికి రుక్మాబాయి గుండె నా మీద పిడికిలితో గుద్దినట్టు కొట్టుకుంది. ఆమె ఒక కొట్టు అద్దం ముందు ఆగింది. లోపల చీనా పింగాణీ కప్పులున్నాయి. వాటినే చూస్తున్నట్టు నిలబడి మెల్లగా ఊపిరి పీల్చుకుంది. బాలమణి వెనక్కి వచ్చి, కప్పులు కావాలా అక్కా అని అడిగింది. ఊరికే చూస్తున్నానంది రుక్మాబాయి. ఇంకొంచెం పైకి పోయాక టోపీల కొట్టు, ఆ తర్వాత పాత పుస్తకాల కొట్టు. ప్రతి అద్దం ముందూ ఆగింది. ఆ వీధిలో కొట్లన్నీ తన కోసమే పెట్టినట్టుంది.

యార్కులో రెండు రోజులు కుదుటపడింది. కోటగోడ పైన నడక చదునుగా ఉంది. ఒకవైపు చెట్లు, ఒకవైపు చర్చి, అక్కడక్కడా రాతి ద్వారాలు. ఆమె అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. చిన్నపిల్లలా ద్వారాల పేర్లు వల్లెవేసింది. గుండె కూడా ఆ సంతోషం పాడుచేయడం ఎందుకన్నట్టు నెమ్మదిగా ఉంది. నేను కూడా, ఇంకేముంది, గండం గడిచిందనుకున్నాను. సంచి తెలివి అంతే.

తర్వాత ఉత్తరానికి పోయాం, రోమన్ గోడ దగ్గరికి.

ఆ పొద్దున సన్నగా తుంపర పడి ఆగింది. గోడ కొండల అంచు వెంట పోతుంది. గోడ పక్కనే కాలిబాట, దిగుతుంది, ఎక్కుతుంది, మళ్ళీ దిగుతుంది. దూరంగా ఒక చెరువు. ఆ గుట్టలు దాటితే హౌస్‌స్టెడ్స్ అనే చోట రోమన్ సైనికుల కోట ఉంది. రుక్మాబాయి ఈ యాత్ర అంతా చేసింది దాన్ని చూడటానికే. పటం మీద బెత్తంతో ఎన్నోసార్లు తాకిన చోటు అది.

మొదటి ఎక్కుడు మెట్ల దగ్గరే ఆమె వెనకబడింది. బాలమణి దిగి వచ్చి పట్టీ పట్టుకుంది.

"ఇటియ్యి అక్కా. పొద్దటిసంది నీకు మోత ఎక్కువైతున్నది."

రుక్మాబాయి వద్దంది. బాలమణి వదల్లేదు. రుక్మాబాయి రెండు చేతులతోనూ పట్టీలు పట్టుకుని ఒక క్షణం నిలబడింది.  సీసా తీసుకోవాలంటే జిప్పు తీయాలి. జిప్పు తీస్తే బాలమణి చూస్తుంది. చూస్తే అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెబితే కోట దాకా పోయేది లేదు, ఇక్కణ్ణించే వెనక్కి. ఆమె నోరు తెరిచింది. మూసుకుంది. ఒక భుజం, తర్వాత ఇంకో భుజం, నన్ను వదిలేసింది.

బాలమణి వీపు వెడల్పు, వెచ్చన. గుండె ఏ తడబాటూ లేకుండా డప్పులా కొడుతోంది. మెట్లు గబగబా ఎక్కింది. ఆమె ముఖం కోట వైపు. నా ముఖం రుక్మాబాయి వైపు. అడుగు అడుగుకూ ఆమె నాకు చిన్నదైపోతోంది.

మొదట ఆమె నడుస్తూనే ఉంది. తర్వాత గోడ మీద చేయి వేసి నడిచింది. తర్వాత ఆగింది. గోడకు ఆనుకుని ఒక రాయి మీద కూర్చుంది. నా బరువు బాలమణిని కొంచెం వెనక్కి లాగితే బాగుండుననుకున్నాను. కానీ ఆమెకు నేను బరువే కాదు. ఆ సమయంలో బాలమణి ఒకసారి మెడ మాత్రం వెనక్కి తిప్పింది. రుక్మాబాయి చేయి పైకెత్తింది. రమ్మని. బాలమణి కూడా నవ్వుతూ చేయి ఊపి, నిదానంగా రా అని అరిచి, మళ్ళీ ముందుకు తిరిగింది. గుట్ట మలుపు తిరగ్గానే రుక్మాబాయి నాకు కూడా కనిపించలేదు.

మందు ఉంది. నాలోనే ఉంది. మనిషి దగ్గర్నుంచి మందును నేనే మోసుకుపోతున్నాను. నన్ను మోసుకుపోతున్నది ప్రేమ. దాన్ని ఆపమని ఎవరికి చెప్పాలి?

పైన గడ్డి మీద బాలమణి కూర్చుంది. నన్ను పక్కన పెట్టి, పై అరలోంచి ఊరి నుంచి తెచ్చిన కారప్పూస తీసి తిన్నది. చెరువు వైపు చూసింది. అక్క ఫోటోలు తీసుకుంటూ ఉండి ఉంటుందని గొణుక్కుంది. ఇంకొంచెం తిన్నది. నేను ఆ పక్కన గడ్డిలో, ఆ వీపు వైపు జేబు జిప్పు ఆకాశానికి పెట్టి పడి ఉన్నాను. దాని మీద చేయి వేసినా, ఏమిటీ జేబు అని ఒక్కసారి చూసినా చాలు. చూడలేదు.

ఇంతలో కింది నుంచి ఒక తెల్లామె దాదాపు పరుగున వచ్చింది. నడకకు వచ్చినామె, చేతిలో కర్ర. నీ స్నేహితురాలేనా కింద ఉన్నది అని అడిగి, తన ఛాతీ మీద చేయి పెట్టి చూపించింది. తన వెంట వచ్చినాయన అక్కడే ఉన్నాడని, అంబులెన్సుకు ఫోను చేశాడని చెప్పింది. బాలమణికి ఇంగ్లీషు సగం అర్థమైంది. ఆ చేయి మొత్తం అర్థమైంది. నన్ను ఒక భుజానికి వేసుకుని తడి రాళ్ళ మీద పరిగెత్తింది. ఆటల టీచరు పరుగు అది. నేను ఆమె వీపుకు కొట్టుకుంటూ కొట్టుకుంటూ దిగాను.

రుక్మాబాయి ముఖం బూడిద రంగులో ఉంది. చెమట. మాట రావడం లేదు. వేలు నా వైపు చూపించింది. నీళ్ళనుకుంది బాలమణి. నీళ్ళ సీసా తీసి నోటికి పెట్టింది. రుక్మాబాయి తల తిప్పి మళ్ళీ నా వైపే చూపించింది. బాలమణి నన్ను నేల మీద పెట్టి అరలన్నీ తెరిచింది. స్వెట్టరు తీసింది, టవలు తీసింది, గొడుగు, పాస్‌పోర్టులు, మాత్రల డబ్బా, సబ్బు, అన్నీ గడ్డి మీద కుమ్మరించింది. ఏదక్కా, ఏదో చెప్పక్కా అని అడుగుతూనే ఉంది. నేను వెల్లకిలా పడి ఉన్నాను. ఆ జేబు నా కింద, గడ్డికి ఆనుకుని ఉంది. ఒక్కసారి బోర్లా తిప్పితే చాలు. తిరగడం నా చేతిలో లేదు. నాకు చేతులే లేవు.

చివరికి రుక్మాబాయే వంగింది. వంగి, పక్కకు ఒరిగి, చేయి నా కిందికి దూర్చింది. జిప్పు కొస దొరికింది గానీ లాగే బలం లేదు. ఆ చేతి వెంట బాలమణి చేయి వెళ్ళింది. జిప్పు తీసింది. సీసా చూసింది. అదేమిటో అడగలేదు. నాలుక కింద కొట్టింది. కొట్టి, అక్క తలను ఒళ్ళో పెట్టుకుని, తెల్లాయన ఇచ్చిన కోటు కప్పి, కొండ కింది నుంచి మనుషులు స్ట్రెచర్ తెచ్చేదాకా కదలకుండా కూర్చుంది. ఎవరి గుండె చప్పుడూ నాకు వినిపించలేదు. నేను ఎవరి వీపు మీదా లేను.

రుక్మాబాయి బతికింది. ఆ చుట్టుపక్కల పట్నంలో ఆసుపత్రికి చేర్చి, మూసుకుపోయిన నాళంలో స్టెంటు వేశారు. మరునాడు బాలమణిని లోపలికి పంపారు. ఆమె మంచం పక్క కుర్చీలో, నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.  నా పట్టీల వైపే చూస్తూ అంది.

"నీ మందు నా ఈపు మీద పెట్టి నన్ను నడిపిచ్చినవ్ అక్కా."

"చెప్తే రానిస్తుంటివా?"

"రానియ్యకపోతుంటి."

"అందుకే చెప్పలే."

"నువ్వాడ కూలవడ్డప్పుడు నేను పైన కూసోని కారప్పూస తింటున్న." బాలమణి నన్ను కుర్చీ పక్కన దించింది. ఏడవలేదు. లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడింది.

రెండు రోజులు అదే తీరు. అన్నీ చేసింది. తల దువ్వింది, ఆపిల్ ముక్కలు కోసి పెట్టింది, నర్సులతో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడింది, మక్తల్‌కు ఫోను చేసి రుక్మాబాయి తమ్ముడికి సంగతంతా చెప్పింది. ముఖంలోకి మాత్రం చూడలేదు. నువ్వన్నా పోయి ఆ కోట చూసిరా అని రుక్మాబాయి అడిగింది. ఆ రాళ్ళ పేరెత్తొద్దంది బాలమణి.

అన్నది గానీ, ఆ మరునాడు నన్ను వీపున వేసుకుని చెప్పకుండా బస్సెక్కింది. కోట దగ్గర దిగి పచ్చిక గుట్ట ఎక్కింది. పైన మొండిగోడలు, మోకాలెత్తు రాళ్ళు. ధాన్యపు కొట్టు నేలకు గాలి ఆడేందుకు పెట్టిన పొట్టి రాతి స్తంభాలు వరసగా ఉన్నాయి. ఆమె ప్రతి గోడ దగ్గరా ఆగింది. ఏం చూడాలో తెలియని మనిషి అన్నీ చూసింది. ఒక మూలన, పల్లంలో, పొడవాటి గది ఉంది. అక్కడి పలక చదివింది. సైనికుల మరుగుదొడ్లు. ఆమె అక్కడ వంగి చూడసాగింది. కింద లోతుగా కాలువ, ముందు కడుక్కోవడానికి సన్నటి ఇంకో కాలువ, నీళ్ళు వచ్చే దారి, పోయే దారి. బాలమణి ఆ కాలువ వెంట ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిచింది. మళ్ళీ నడిచింది. ఎవరూ లేరు. గోడ మీద కూర్చుని, ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని, వీపంతా కదిలేలా ఏడ్చింది. ఆ ఏడుపును ఆ రోజు మోసింది నేనే.

సాయంత్రం ఆసుపత్రిలో ఆమె కోట గురించి చెప్పింది. గోడలున్నాయి, గొర్రెలున్నాయి, గాలి చంపేస్తోంది అంది. అంతేనా అని రుక్మాబాయి మొహం చిన్నబుచ్చుకుంది. అప్పుడు మరుగుదొడ్ల సంగతి ఎత్తింది. మన బడిలో ఆడపిల్లలకు ఒక్క మరుగుదొడ్డి కట్టించడానికి తను ఎందరు ఆఫీసర్ల చుట్టూ తిరిగిందో గుర్తుచేసింది. కట్టాక నీళ్ళు రాలేదు. నీళ్ళొచ్చాక తలుపు రాలేదు. ఇక్కడ కత్తులు పట్టుకుని తిరిగేవాళ్ళు, ఎప్పటివాళ్ళో, నీళ్ళు ఇటు నుంచి వచ్చి అటు పోయేలా కట్టుకున్నారు. తలుపుల గొడవే లేదు, అందరూ వరసగా కూర్చుని కబుర్లు చెప్పుకునేవారట. బడి ప్రేయర్లో పిల్లలను వరస నిలబెట్టినట్టు, అంది. రుక్మాబాయికి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. ఛాతీ పట్టుకుని నవ్వుతుంటే మిషను కూతపెట్టింది, నర్సు వచ్చి ఇద్దరినీ కోప్పడి పోయింది.

నవ్వు ఆగాక బాలమణి మెల్లగా అంది.

"ఇగ నువ్వు బాగనే ఉన్న అంటే నేను నమ్మ అక్కా. నమ్మాలని ఉంది. చాతనైతలేదు."

రుక్మాబాయి ఆమె చేయి పట్టుకుంది. ఆ మాటకు మందు ఏ జేబులోనూ లేదు.

అక్కడి డాక్టర్లు సరేనన్నాక తిరిగి వచ్చాం. విమానంలో రుక్మాబాయి నిద్రపోతుంటే బాలమణి నిద్రపోలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ కూర్చుంది. ఇప్పుడు పొద్దున్నే ఇద్దరూ గ్రౌండులో నడుస్తారు, మెల్లగా. రుక్మాబాయి ఒక్క అడుగు ఆగితే చాలు, బాలమణి ఆమె ముఖంలోకి చూస్తుంది. పువ్వు చూడ్డానికి ఆగినా చూస్తుంది. ఆ చూపు రుక్మాబాయిని నొప్పిస్తుందని నాకు తెలుసు. దానికి బాధ్యురాలు తనేనని ఆమెకు తెలుసు.

నేను బాలమణి దగ్గరే ఉండిపోయాను. ఒక పట్టీ కుట్టు ఊడితే మక్తల్ చెప్పుల షాపాయన కుట్టాడు. నాలో ఇప్పుడు వాలీబాల్, విజిల్, ఒక పాత టవలు ఉంటాయి. చదువుకుంటున్న పిల్లలకు సాయంత్రం ఆట నేర్పడానికి ఆమె నన్ను తీసుకుపోతుంది.

మొన్న నారాయణపేట బస్సు కోసం నిలబడ్డాం. పక్కన ఒక ముసలాయన, చేతిలో బరువైన గుడ్డమూట. బస్సు రాగానే మెట్టు మీద కాలు పెట్టి మూట ఎత్తలేక ఆగాడు. వెనక జనం తోస్తున్నారు. బాలమణి మూట మీద చేయి వేసింది. వేసి, ఎత్తకుండా ఆగింది.

"తాతా, నేను వట్టుకుంట. ముందుగాల చెప్పు, దీంట్ల నీకు కావాల్సిన మందులేమన్న ఉన్నయా?"

ముసలాయనకు అర్థం కాలేదు. ఆమె మళ్ళీ అడిగింది. వెనకవాళ్ళు గొణుగుతున్నారు, కండక్టరు కానీయమంటున్నాడు. ఆమె కదల్లేదు. ముసలాయన కాసేపు ఆలోచించాడు. మెట్టు దిగి, మూట కింద పెట్టి, ముడి విప్పి, బట్టల మధ్య నుంచి మాత్రల పట్టీ ఒకటి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ముడి వేశాడు.

అప్పుడు ఆమె మూట అందుకుంది.